రెండో శనివారం, నాలుగో శనివారం

(బోర్డు గేములు ఆడేవాళ్ళం నెలనెలా కలుసుకునే చోట, హైదరాబాద్‌లో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు. అంటే వినిపిస్తోందన్నా అనుకోవాలి, ఈ మాట కూడా వినిపించలేదన్నా అనుకోవాలి. సరే, మొదలుపెడతాను.

నన్ను పిలిచినవాళ్ళు ‘ఆర్పీజీ ఆడించేవాళ్ళకి పనికొచ్చే సామాన్ల గురించి చెప్పక్కా’ అన్నారు. ఆర్పీజీ అంటే రోల్ ప్లేయింగ్ గేమ్, తలా ఒక పాత్ర వేసి కలిసి కథ నడిపే ఆట. సామాన్లు తెచ్చాను. ఇదిగో సంచి. ఆరేళ్ళ కిందట ఈ సంచి పన్నెండు కిలోలు ఉండేది. సూట్‌కేసులు తూచే కాటా ఉంటుంది కదా, దానికి తగిలించి చూశాను, అందుకే తెలుసు. ఇవాళ పొద్దున మళ్ళీ తూచాను. రెండున్నర కిలోలు. ఆ తొమ్మిదిన్నర కిలోలు ఎటు పోయాయి? ఎందుకు పోయాయి? ఈ పూట చెప్పేది అదే.

ఇక్కడ ఎంతమంది ఒక్కసారైనా ఆడారు? సగం మంది. మిగతా సగానికి రెండు నిమిషాల్లో చెప్పేస్తాను, ఆడినవాళ్ళు ఈలోపు టీ తెచ్చుకోండి.

టేబుల్ చుట్టూ ఆరుగురు కూర్చుంటారు. అయిదుగురికి తలా ఒక పాత్ర. ఒకరు దొంగ, ఒకరు మంత్రగాడు, ఒకరు కత్తి పట్టినవాడు, అలాగన్నమాట. ఆరో మనిషికి పాత్ర ఉండదు, లోకమంతా ఆ మనిషిదే. ఆ మనిషిని డంజన్ మాస్టర్ అంటారు, మేం డీఎం అంటాం. ‘మీ ముందు నది ఉంది. పంటు అవతలి ఒడ్డున ఉంది. పంటువాడు నిద్రపోతున్నాడు. ఏం చేస్తారు?’ అని డీఎం అడుగుతాడు. ఒకరు కేకేస్తానంటారు, ఒకరు ఈదుతానంటారు. ఈదగలడో లేదో ఎలా తెలుస్తుంది? అక్కడ పాచిక వేస్తాం. ఇరవై ముఖాల పాచిక. పడిన అంకెకి ఆ పాత్ర బలాన్ని బట్టి కొంత కలుపుతాం. పదిహేను వచ్చిందా, దాటేశావు. రాలేదా, బట్టలూ తడిశాయి, కత్తీ నదిలో పోయింది. అంతే ఆట. నియమాల పుస్తకం మూడొందల పేజీల పైచిలుకు ఉంటుంది గానీ, అదంతా ఈ నాలుగు ముక్కల మీద వ్యాఖ్యానమే.

మా అమ్మమ్మ కథ చెప్తుంటే మేం ఊ కొట్టేవాళ్ళం. ఊ కొట్టడం ఆగిందంటే పిల్లలు నిద్రపోయారని ఆవిడ కథ ఆపేసేది. ఈ ఆటలో ఊ కొట్టేవాళ్ళు ఒక్కరూ ఉండరు. ‘రాజుగారికి ఏడుగురు కొడుకులు’ అని నేనంటానా, ‘ఎనిమిదోవాడు ఎక్కడ దాక్కున్నాడు?’ అంటారు. లేడురా బాబూ అంటే నమ్మరు. నమ్మకపోతే ఏం చేస్తాం? ఎనిమిదోవాడు పుడతాడు.

దీని పుట్టిల్లు అమెరికా. 1974లో, విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నిసన్ అనే ఇద్దరి పేర్లతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది. పెట్టెలో మూడు సన్నటి పుస్తకాలు. ధర పది డాలర్లు. మొదటి విడత వెయ్యి పెట్టెలు. అంతకుముందు వాళ్ళంతా బొమ్మ సైనికులతో యుద్ధాల ఆటలు ఆడేవాళ్ళు. పటాలం మొత్తాన్ని నడపడం మానేసి ఒక్కొక్కరం ఒక్కొక్క మనిషినే నడిపితే ఎలా ఉంటుంది? అక్కడ పుట్టింది ఇదంతా.

ఈ చరిత్రంతా ఎందుకంటే, ఒక చిన్న విషయం కోసం. అప్పట్లో వచ్చిన ప్లాస్టిక్ పాచికల మీద అంకెలు చెక్కి ఉండేవి గానీ వాటికి రంగు ఉండేది కాదు. కొన్నవాళ్ళే క్రేయాన్ తీసుకుని రుద్ది, పైపైన తుడిచేస్తే గాడిలో మైనం నిలిచి అంకె కనబడేది. ఆ పాచికలు కూడా ఒక దశలో, 1979లో, చాలినన్ని దొరకలేదు. అప్పుడు కంపెనీ ఏం చేసిందో తెలుసా? పెట్టెలో అంకెలు అచ్చేసిన చీటీలు పెట్టింది. కప్పులో వేసి కలుపుకుని ఒక్కోటీ తీసుకోండి అంది. మనం చీటీలు తీసి రాముడు సీత ఆడుకోమూ, అలాగే. ఆట తయారుచేసిన కంపెనీయే చీటీలతో ఆడుకోమంది. మనం మాత్రం మొదటి సెషన్ కాకముందే ఆరువేలు పెట్టి ఆర్డరు ఇస్తాం. మనం అంటే నేను. వేరేవాళ్ళని అనడం లేదు.

నేను మొదలుపెట్టినప్పుడు ఏం చేశానో చెప్తాను, నవ్వకండి. రంగు వెయ్యని బొమ్మలు నలభై కొన్నాను. నాలుగు నెలలు కూర్చుని రంగులు వేశాను. వినైల్ మ్యాపు ఒకటి తెప్పించాను. దాని మీద నీళ్ళతో పోయే మార్కర్లే వాడాలి. అందులోనూ ఎర్రది వాడి రాత్రంతా వదిలేస్తే మరక దిగుతుందని చాలామంది చెప్పారు. వదిలేశాను. దిగింది. ఇప్పటికీ ఆ మ్యాపు మధ్యలో ఎర్రటి గది ఒకటుంది, ఏ ఊరు గీసినా ఆ గది ఉండాల్సిందే. ఇవన్నీ పోగేసి అట్టహాసంగా మొదలుపెడితే, ఎన్ని సెషన్లు నడిచింది? నాలుగు. అయిదోది ఇంతవరకూ జరగలేదు.

ఎందుకు ఆగింది? గొడవలు కావు. కథ బాగోలేకా కాదు, బాగోలేకపోతే చెప్పే మనుషులే వాళ్ళు. ‘ఎప్పుడు వీలవుతుంది?’ అని అడగడం వల్ల ఆగింది. ప్రతి రెండు వారాలకీ వాట్సాప్‌లో ఆ ప్రశ్న వేసేదాన్ని. ఒకరికి ఆదివారం కుదరదు. ఒకరికి ఆదివారమే కుదురుతుంది. ఒకరు చూసి ఊరుకుంటారు. వీలు అనేది దానంతటది రాదండీ. పెద్దవాళ్ళకి, ఉద్యోగాలున్నవాళ్ళకి, చంటిపిల్లలున్నవాళ్ళకి వీలు అనేది ఒక పూట ఊరికే దొరికే వస్తువు కాదు.

రెండో జట్టు కట్టినప్పుడు ఆ ప్రశ్న మానేశాను. మా జట్టులో బ్యాంకులో చేసే అబ్బాయి ఉన్నాడు. బ్యాంకులకి రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు కదా. అదే మా పంచాంగం అయిపోయింది. సాయంత్రం ఆరింటికి మొదలు, పదింటికి పుస్తకాలు మూసేస్తాం. యుద్ధం మధ్యలో ఉన్నా సరే, రాక్షసుడు కత్తి ఎత్తి ఉన్నా సరే, పదంటే పదే. అయిదుగురిలో ముగ్గురు వచ్చారా, ఆట ఉంటుంది. ఇద్దరే వచ్చారా, టీ తాగి కబుర్లు చెప్పుకుని వెళ్ళిపోతాం, కానీ కలవడం మాత్రం మానం. రానివాళ్ళ పాత్రలు ఏమవుతాయి అని అడుగుతారు అందరూ. మా దగ్గర రానివాళ్ళు పంటు దగ్గర కాపలా ఉంటారు. ఏ అడవిలో ఉన్నా, ఏ కొండ మీద ఉన్నా, ఎక్కడో ఒక పంటు ఉంటుంది, దానికి కాపలా కావాలి. తర్కం అడగొద్దు.

ఇంకోటి. శ్రావణం, మాఘం వచ్చాయంటే జట్టు సగం పెళ్ళిళ్ళలో ఉంటుంది. మొదట్లో ఏడ్చేదాన్ని. ఇప్పుడు క్యాలెండర్‌లో ముహూర్తాలు చూసి మరీ కథ రాసుకుంటాను. ఆషాఢంలో ముహూర్తాలుండవు. ధనుర్మాసం, అంటే డిసెంబరు నడిమి నుంచి భోగి దాకా, అప్పుడూ ఉండవు. అందరూ ఊళ్ళోనే ఉంటారు, అందరూ ఖాళీయే. అందుకే నా కథలో పెద్ద పెద్ద యుద్ధాలన్నీ ఆషాఢంలోనే జరుగుతాయి. మా ఆటగాళ్ళు కనిపెట్టేశారు కూడా. ‘అక్కా, ఆషాఢం వస్తోంది, మందులు కొనిపెట్టుకుంటాం’ అంటారు, ఆటలో.

ఇప్పుడు సామాన్లు. ఒక్కొక్క వస్తువుకీ నేను పెట్టే పరీక్ష ఒకటే. అది వాడుతున్నంతసేపు నా తల పైకి ఉంటుందా, కిందికి ఉంటుందా? డీఎం పని మొహాలు చూడటం. ఎవరు ఆవులిస్తున్నారు, ఎవరు ఏదో చెప్పబోయి ఆగిపోయారు, ఎవరు పాచిక చేతిలో పట్టుకుని తన వంతు కోసం చూస్తున్నారు, ఇవన్నీ మొహాల్లో కనబడతాయి. తల దించుకుని పుస్తకంలో వెతుకుతుంటే ఏం కనబడతాయి? తల పైకి ఉంచనిచ్చేది సంచిలో ఉంటుంది. దించేది అలమరలోకి పోతుంది. తొమ్మిదిన్నర కిలోలు పోయింది అలాగే.

మొట్టమొదట పోయింది ల్యాప్‌టాప్. చెప్పక్కర్లేదు.

ఇది చూడండి. ఏమిటిది? బట్టలు ఆరేసినప్పుడు పెట్టే క్లిప్పులు. డజను ముప్ఫై రూపాయలు. నా సంచిలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఇదే. యుద్ధం వచ్చినప్పుడు ఎవరి తరవాత ఎవరు అనేది పాచిక వేసి తేల్చుకుంటాం, దాన్ని ఇనీషియేటివ్ అంటారు. మామూలుగా ఏం చేస్తారు? డీఎం కాగితం మీద రాసుకుంటాడు. రాసుకుని, ప్రతిసారీ తల దించి చూస్తాడు. ఆటగాళ్ళకి తెలియదు కాబట్టి, ‘నా వంతు ఎప్పుడు?’ అని అడుగుతూనే ఉంటారు. నేనేం చేశానంటే, ఒక్కో క్లిప్పు మీద ఒక్కో పాత్ర పేరు రెండు వైపులా రాశాను. డీఎం ముందు నిలబెట్టే అట్ట ఉంటుంది కదా, స్క్రీన్, దాని పై అంచుకి వరసగా తగిలిస్తాను. నాకు కనబడుతుంది, వాళ్ళకీ కనబడుతుంది. తన ముందు క్లిప్పు వాడి వంతు నడుస్తుండగానే తరవాతివాడు ఏం చేయాలో ఆలోచించుకుని ఉంటాడు. ఈ ఒక్క పనితో మా యుద్ధాలు సగం టైములో అయిపోతున్నాయి. నేను వాచీ పెట్టి చూసుకున్నది కాదు లెండి, నాకు అలా అనిపిస్తుంది.

స్క్రీన్ కూడా కొనక్కర్లేదు. దళసరి శుభలేఖలు వస్తాయి చూడండి, బంగారు గణపతి ఉన్నవి, పడెయ్యబుద్ధి కాదు, దాచుకోబుద్ధి కాదు. అవి మూడు టేపుతో అంటించాను. బయటివైపు వినాయకుడు, లోపలివైపు నాకు కావాల్సిన అంకెలు. కానీ ఎత్తు మాత్రం మొహానికి అడ్డు రాకుండా ఉండాలి. కొన్న స్క్రీన్లు కొన్ని మరీ ఎత్తుగా ఉంటాయి. వాటి వెనక నాలాంటి పొట్టిదాన్ని కూర్చోబెడితే కౌంటర్ వెనక టికెట్లిచ్చే మనిషిలా ఉంటుంది.

మ్యాపు. పద్ధతి ఏమిటంటే ఒక అంగుళం గడి అంటే ఆటలో అయిదు అడుగులు. స్టేషనరీ షాపులో చార్టు పేపరు తీసుకోండి, స్కేలుతో అంగుళం గళ్ళు గీయండి. ఒక్క చార్టు మీద అటు ఇరవై రెండు, ఇటు ఇరవై ఎనిమిది గళ్ళు వస్తాయి. పెద్ద రాజుగారి సభ కూడా పడుతుంది. డైనింగ్ టేబుల్ మీద వేసే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు మీటరు లెక్కన అమ్ముతారు కదా, చార్టు కింద పెట్టి అది పైన పరవండి. వైట్‌బోర్డు మార్కర్‌తో గోడలు, తలుపులు గీయండి. ఆట అవగానే తుడిచెయ్యండి. అవగానే అన్నాను. తరవాతి రోజు కాదు. నా ఎర్ర గది గుర్తుంది కదా?

అయితే ఒక్క సంగతి. మార్కరు కొనేటప్పుడు మూత మీద ఏం రాసుందో చదవండి. నేను చదవకుండా పర్మనెంట్ మార్కర్‌తో మా అమ్మ టేబుల్ కవరు మీద గుహ గీశాను. ఆ గుహ మీద పెట్టుకునే మా ఇంట్లో ఏడాది భోజనాలు చేశాం. ‘రాక్షసుడి నోట్లో పప్పు గిన్నె పెట్టు’ అనేది మా అమ్మ.

ఇక బొమ్మలు. బొమ్మలు అందంగా ఉంటాయి, నేను కాదనను. రంగులు వేయడం ఇష్టమైతే వేసుకోండి, అది వేరే సరదా. ఆటకి మాత్రం అక్కర్లేదు. గడి అంగుళం కదా, రూపాయి బిళ్ళ చక్కగా కూర్చుంటుంది. క్యారమ్ బిళ్ళలు వాడదామనుకుంటారు చాలామంది, అవి మూడు సెంటీమీటర్లకి కొంచెం పైనే ఉంటాయి, పక్క గడిలోకి పొడుచుకొస్తాయి. నాలుగు గళ్ళు పట్టే పెద్ద రాక్షసుడికి స్టీలు గ్లాసు మూత పెట్టండి. గాబ్లిన్లనే చిన్న దయ్యాలు గుంపుగా వస్తాయి, వాటికి చింతగింజలు. ఇక్కడే ఒక తమాషా ఉంది. ఈ ఆట 2014 నియమాల్లో గాబ్లిన్ ప్రాణం ఏడు పాయింట్లు. ఒక్కో గాబ్లిన్‌కి ఏడు చింతగింజల కుప్ప పెడతాను. దెబ్బ కొట్టినవాళ్ళే గింజలు తీసుకుంటారు. నేను కూడికలు, తీసివేతలు చేయక్కర్లేదు, తల పైకే ఉంటుంది. వాళ్ళకేమో గింజలు గుప్పిట్లో పోసుకోవడం ఒక ఆనందం. ఓగర్ అనే పెద్ద రాక్షసుడికి మాత్రం యాభై తొమ్మిది పాయింట్లు, దానికి గింజలు పెడితే అష్టాచెమ్మా ఆడుతున్నట్టుంటుంది, అది కాగితం మీదే రాసుకోండి.

అష్టాచెమ్మా అంటే గుర్తొచ్చింది. మా ఆటగాళ్ళలో ఒకమ్మాయి వాళ్ళ నానమ్మ ఒకరోజు పక్కన కూర్చుని చూసింది. ‘ఇరవై మొహాల పాచికెందుకమ్మా, గవ్వలు వెయ్యండి’ అంది. వేసి చూశాం. నాలుగు గవ్వలు. రెండు వెల్లకిలా రెండు బోర్లా పడటమే ఎక్కువ, అష్టా చెమ్మా ఎప్పుడో ఒకసారి. ఇరవై ముఖాల పాచికలో ఒకటి పడినా ఇరవై పడినా అవకాశం ఒకటే, నూటికి అయిదు. అందుకే ఈ పాచికతో ఎంత గొప్ప వీరుడైనా నూటికి అయిదుసార్లు జారి పడతాడు. గవ్వలు వేసిన రోజు ఎవరూ జారి పడలేదు, ఎవరూ అద్భుతాలూ చేయలేదు. నడిమధ్యన, నెమ్మదిగా, ఇంటి ఆటలా ఉంది. నానమ్మకి బాగా నచ్చింది. మావాళ్ళకి విసుగేసింది. ఈ తేడా గురించి నేను వారం రోజులు ఆలోచించాను.

పాచికలు ఎవరి సెట్టు వాళ్ళకి ఉంటే మంచిది. ఏడు పాచికల సెట్టు. అవి వేయడానికి ఒక స్టీలు పళ్ళెం తీసుకుని లోపల పాత శాలువా ముక్క పరవండి. లేకపోతే రెండు కష్టాలు. ఒకటి, పాచిక సోఫా కిందికి పోతుంది, నలుగురూ టార్చిలైట్లు పట్టుకుని బోర్లా పడుకుంటారు. రెండు, కింద ఫ్లాట్ వాళ్ళు పైకొస్తారు. మాకు వచ్చారు. రాత్రి తొమ్మిదిన్నరకి గోళీలాడుతున్నారా అని అడిగారు. ఆడించే కథ కొంచెం చెప్తే గుమ్మంలోనే అరగంట నిలబడి విన్నారు. తరవాత రాలేదనుకోండి.

తిండి గురించి ఒక్క మాటే. మిరపకాయ బజ్జీలు వద్దు. క్యారెక్టర్ షీటు, అంటే పాత్ర వివరాలు రాసుకునే కాగితం, దాని మీద నూనె మరక పడితే ఆ అంకె మూడో ఎనిమిదో ఎవరికీ తెలియదు, ఆటగాడికి మాత్రం అది ఎనిమిదే. జంతికలు, వేయించిన పల్లీలు, అరటిపళ్ళు. బజ్జీలు ఎనిమిదింటికి, విరామంలో, బాల్కనీలో.

ఇప్పుడు మీకు డబ్బు పెట్టి కొనలేని సామాను చెప్తాను. భాష. మీరెంతమంది ఇంగ్లిష్‌లో ఆడిస్తున్నారు? ఎక్కువమందే. నేనూ మొదట అంతే. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి నోరూ ఇంగ్లిష్ అయిపోయింది. ఒకరోజు పంటువాడి పాత్ర మాట్లాడుతూ నోరు జారి తెలుగులో ‘ఎవుర్రా మీరు, ఇంత రాత్రప్పుడు?’ అన్నాను. టేబులంతా ఒక్కసారి నిటారుగా కూర్చుంది. ఎందుకంటే ‘రా’ అన్నాడు. వాళ్ళలో ఒకడు రాజకుమారుడు.

ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే ‘యూ’. మనకి? నువ్వు ఉంది, మీరు ఉంది, తమరు ఉంది, ఏమే, ఒరేయ్, ఏమండీ ఉన్నాయి. ఒక పాత్ర మొదటి వాక్యంలో వీటిలో ఏది వాడిందో దాన్ని బట్టి దాని హోదా, కోపం, భయం, చనువు అన్నీ తెలిసిపోతాయి. నేను వర్ణించక్కర్లేదు. ఒకసారి మా వాళ్ళు ఒక ముసలి రాణి దగ్గరికి వెళ్ళారు. మొదటి రోజు ఆవిడ అందర్నీ ‘మీరు’ అంది. నాలుగు నెలల తరవాత, ఒక సెషన్‌లో, దొంగ పాత్ర వేసే అమ్మాయిని ‘నువ్వు ఉండు, మిగతావాళ్ళు వెళ్ళండి’ అంది. ఆ అమ్మాయి అడిగింది: ‘అక్కా, నువ్వు అంది కదా, ఇది ప్రేమా, కోపమా?’ నేను చెప్పలేదు. రెండు వారాలు ఆ అమ్మాయి దాన్ని మోసుకు తిరిగింది.

యాసల విషయంలో మాత్రం జాగ్రత్త. పడవవాడు కాబట్టి శ్రీకాకుళం యాస, రౌడీ కాబట్టి ఇంకో యాస, నవ్వించాలి కాబట్టి మరో యాస, ఇది సినిమాలు మనకి నేర్పిన చెడ్డ అలవాటు. మా టేబుల్ దగ్గర వరంగల్ మనిషి ఉంది, టెక్కలి మనిషి ఉన్నాడు. వాళ్ళ ఇళ్ళలో మాట్లాడుకునే మాటలవి. ఇప్పుడు మా రాణిగారిది వరంగల్ మాట. పండితుడిది టెక్కలి మాట. వాళ్ళిద్దరే నన్ను సరిదిద్దుతుంటారు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు. ఉచితం. మూలం ఫలానా అని చెప్తే చాలు, అనువదించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. అందుకని మేం క్యారెక్టర్ షీటు తెలుగులో చేసుకున్నాం. ఆరు లక్షణాలుంటాయి పాత్రకి. బలం, చురుకుదనం, దారుఢ్యం, తెలివి, వివేకం వరకూ పది నిమిషాల్లో అయిపోయింది. ఆరోది ఛరిష్మా. దాని మీద గంట కొట్టుకున్నాం. ఆకర్షణ అంటే సబ్బు ప్రకటనలా ఉంది. మాటకారితనం అంటే మాట మాత్రమే అయింది. దర్జా అన్నారు ఒకరు. చివరికి నానమ్మే అంది, ‘మొహంలో కళ ఉంటుంది చూడు, అదేగా మీరనేది?’ అని. మా షీట్లలో ఆరో గడి పేరు కళ. ‘నా కళ పధ్నాలుగు’ అంటే ఎంత బాగుంటుందో.

నోటు పుస్తకం. ఇది నా మూడో పుస్తకం. సెషన్‌కి ఒక పేజీ, అంతకన్నా రాయను. ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారు, ఎవరి దగ్గర ఏం ఎత్తుకొచ్చారు, ఇంతే. పోయినసారి కథ నేను చెప్పను, ఆటగాళ్ళలో ఒకరు వంతులవారీగా చెప్తారు. నేను చెప్తే నాకు ముఖ్యమైనవి చెప్తాను. వాళ్ళు చెప్తే వాళ్ళకి గుర్తున్నవి వస్తాయి, నాకు కావాల్సింది అవి. పుస్తకం చివరి పేజీలో ఇరవై పేర్లు ముందే రాసి ఉంచుకోండి. ఎందుకంటే, నేను రాసుకోలేదు. మొదటి ఊళ్ళో పూటకూళ్ళవాడి పేరడిగారు. తోచక వెంకటేశ్ అన్నాను. రెండో ఊళ్ళో అడిగారు. కంగారులో మళ్ళీ వెంకటేశ్. మూడో ఊళ్ళో కూడా నోట్లోంచి అదే వచ్చింది, నాకు తెలియకుండానే. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, ‘వీళ్ళంతా ఒక రహస్య సంఘం’ అని తేల్చేశారు. నేను తప్పు ఒప్పుకుందామా అనుకున్నాను. ఒప్పుకోలేదు. ఎనిమిది నెలలు ఆ సంఘం మీదే నడిచింది కథ. అసలు కథ ఏమనుకున్నానో నాకే గుర్తులేదిప్పుడు.

ఈ కార్డు చూశారా? పోస్టుకార్డు సైజు, మీద పెద్ద ఇంటూ గుర్తు. దీన్ని ఎక్స్ కార్డు అంటారు, జాన్ స్టావ్రొపోలస్ అనే ఆయన తయారుచేసిన పద్ధతి. టేబుల్ మధ్యలో ఉంటుంది. ఆటలో వచ్చింది ఏదైనా ఒకరికి భరించలేనట్టుంటే కార్డు ముట్టుకుంటారు. అంతే, ఆ సంగతి తీసేసి ముందుకెళ్తాం. ఎందుకని అడగకూడదు, చెప్పక్కర్లేదు.

మొదట్లో నాకిది ఎగతాళిగా ఉండేది. స్నేహితులమే కదా, నోటితో చెప్పలేమా అనుకున్నాను. చెప్పలేమండీ. మనకి మొహమాటం ఎక్కువ. నలుగురూ సరదాగా ఉన్నప్పుడు నా వల్ల ఆగిపోవడమా అనుకుంటాం. ఒక శనివారం నేను వైద్యుడి ఇల్లు వర్ణిస్తున్నాను, మంచం మీద ఒక పెద్దాయన, ఊపిరి అందడం లేదు, కూతురు పక్కన కూర్చుంది. బాగా చెప్తున్నాననుకుంటున్నాను కూడా. ఒకమ్మాయి చెయ్యి వచ్చి కార్డు మీద ఆనింది. వాళ్ళ నాన్న ఆ నెలలోనే ఐసీయూ నుంచి వచ్చారు, మాకెవరికీ చెప్పలేదు. నేను ‘సరే, వైద్యుడు ఇంట్లో లేడు, తాళం వేసుంది’ అన్నాను. పక్కవాడు ‘అయితే గోడ దూకుతా’ అన్నాడు. ఆట నడిచింది. ఆ అమ్మాయి ఆ రాత్రి పదిదాకా ఉంది. మూడేళ్ళలో కార్డు ముట్టుకున్నది రెండేసార్లు. బరువు ఎంతుంటుంది ఇది? అయిదు గ్రాములుంటుందా?

దూరం వెళ్ళినవాళ్ళ సంగతి కూడా చెప్పమన్నారు. మా బ్యాంకు అబ్బాయి కాదు, టెక్కలి అబ్బాయి, డాలస్ వెళ్ళాడు. మాకు సాయంత్రం ఆరు, వాడికి ఎండాకాలంలో పొద్దున ఏడున్నర, చలికాలంలో ఆరున్నర. శనివారమే కాబట్టి లేస్తాడు, దుప్పటి కప్పుకునే ఆడతాడు. ఆన్‌లైన్ టేబుళ్ళు, రోల్20 లాంటివి ఉన్నాయి, అందరూ వేరే వేరే ఊళ్ళలో ఉంటే అవే మేలు. కానీ అయిదుగురు ఇక్కడుండి ఒక్కడు అక్కడుంటే అందరం తెరల్లోకి చూడటం నాకు నచ్చలేదు. తల దిగిపోయింది మళ్ళీ. అందుకని వాడి కోసం ట్యాబ్ ఒకటి వాడి కుర్చీలోనే నిలబెడతాం, ఒక ఫోను మ్యాపు పైనుంచి చూసేలా పుస్తకాల దొంతర మీద. మైకు కింద తువ్వాలు మడిచి పెట్టాలి, లేకపోతే పాచిక పడ్డప్పుడల్లా వాడి చెవిలో పిడుగు. పాచికలు వాడివి వాడే వేసుకుంటాడు, మేం చూడలేం. ఇరవైలు వాడికి కొంచెం ఎక్కువే పడుతున్నాయి. నేనేం అనను. పొద్దున ఆరున్నరకి లేచిన మనిషికి ఆ మాత్రం ఉండాలి.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. సంచి వెనక బల్ల మీద పెడుతున్నాను, తీసి చూడండి. క్లిప్పులు, గింజలు, చార్టు, శుభలేఖల స్క్రీన్, అన్నీ ఉన్నాయి. తెలుగు క్యారెక్టర్ షీట్లు ఓ ముప్ఫై ప్రింట్ తీసుకొచ్చాను, పట్టుకెళ్ళండి. బల్ల దగ్గర నాలుగు కుర్చీలున్నాయి, ఎవరైనా నలుగురు కూర్చుంటే ఒక గంట ఆడిద్దాం. పంటువాడు నిద్రపోతున్నాడు, అక్కణ్ణుంచే మొదలు. బయట బజ్జీలు వేస్తున్నారట. తిన్నవాళ్ళు చేతులు కడుక్కుని రండి.